ఎముక అతికిన తరువాత రాడ్డు తీయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. ఏడాదిన్నర క్రితం మెట్ల మీద జారిపడి తొడ ఎముక మధ్యలో విరిగితే లోపల రాడ్డు వేసి, పైనా కిందా స్క్రూలు బిగించారు. ఎముక బాగా అతికిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. ఆయన మామూలుగా నడుస్తున్నారు, నొప్పి లేదు. అయితే ఒంట్లో ఇనుము ఉంటే తుప్పు పట్టి రక్తంలో కలుస్తుందని, వెంటనే తీయించమని బంధువులు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారికి ఏ బాధా లేనప్పుడు ఆ రాడ్డు జోలికి వెళ్లకండి. బంధువుల భయం సహజమే గాని, శరీరంలో పెట్టే లోహం మనం బయట చూసే ఇనుము వంటిది కాదు. ఇంప్లాంట్లకు ఎక్కువగా వాడే 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిసి లోహం ఉపరితలం మీద కంటికి కనిపించనంత పలుచని పొరగా ఏర్పడి, లోపలి లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. టైటానియం మీదా ఇటువంటి పొరే ఏర్పడుతుంది. తొడ ఎముక మజ్జ కాలువలోకి పొడవాటి రాడ్డును దించే ఈ పద్ధతిని జర్మన్ సర్జన్ గెర్హార్డ్ కుంట్‌షర్ 1939లో కీల్ నగరంలో మొదలుపెట్టారు. యుద్ధఖైదీలుగా ఉండి స్వదేశాలకు తిరిగివెళ్లిన సైనికుల ఎక్స్‌రేలలో తొడ పొడవునా లోహపు కడ్డీ కనిపించి అక్కడి వైద్యులు నివ్వెరపోయారట. ఈనాడు అది తొడ ఎముక విరిగినప్పుడు చేసే అతి మామూలు చికిత్స.

రాడ్డు తీయడం వేసినంత తేలిక అని చాలామంది అనుకుంటారు. నిజానికి కొన్నిసార్లు తీయడమే కష్టం. కాలం గడిచేకొద్దీ రాడ్డు పై అంచును కప్పేస్తూ కొత్త ఎముక పెరుగుతుంది. స్క్రూ తల మీది గాడి అరిగిపోయి స్క్రూడ్రైవర్‌కు పట్టు దొరకదు. తల ప్లేటు రంధ్రంలోనే మరలతో బిగుసుకునే లాకింగ్ స్క్రూలైతే, స్క్రూ మరలు ప్లేటు మరలలో ఇరుక్కుపోయి కదలనంటాయి. మళ్లీ మత్తు, మళ్లీ కోత, మళ్లీ ఇన్‌ఫెక్షన్ భయం తప్పవు. తీసిన తరువాత ఆ స్క్రూల రంధ్రాలు పూడేవరకు, అంటే కొన్ని నెలలపాటు, ఎముక అక్కడ బలహీనంగా ఉంటుంది. ముంజేతి ఎముకల ప్లేట్లు తీసిన తరువాత అదే చేయి మళ్లీ విరగడం సర్జన్లు బాగా ఎరిగిన ఇబ్బందే.

ఎవరికీ తీయకూడదని కాదు. ఎదిగే పిల్లలలో ఎముక పెరిగి లోహాన్ని తనలో కలిపేసుకుంటుంది గనుక సాధారణంగా తీసేస్తారు. చీలమండ, మోచేయి వంటి చోట్ల చర్మం కింద కండ పలుచన కాబట్టి స్క్రూ తల చెప్పుకో, బల్ల అంచుకో ఒరుసుకుని నిత్యం బాధపెడుతుంది. ఎముక పూర్తిగా అతికిన తరువాత, సామాన్యంగా 12 నుంచి 18 నెలలకు, అటువంటివి తీయించుకోవచ్చు. చీము పడితే సంగతి వేరు. సూక్ష్మజీవులు లోహాన్ని అంటిపెట్టుకుని జిగురు పొర కట్టుకుంటాయి, దానిలోకి మందు సరిగా చొరబడదు. అప్పుడైనా ఎముక ఇంకా అతకకుండా, ఇంప్లాంటు గట్టిగా పట్టి ఉంటే, అతికేదాకా దానిని ఉంచి ఇన్‌ఫెక్షన్‌ను మందులతో అణచిపెట్టడమే మేలని సర్జన్ భావించవచ్చు.

ప్రశ్న: మా అన్నయ్యకు మోకాలికి కాస్త పైన తొడ ఎముక విరిగితే ప్రక్కన పొడవాటి ప్లేటు వేశారు. అయిదో నెల నుంచి అడుగు వేస్తే నొప్పి అనేవాడు, ఎవరమూ పట్టించుకోలేదు. ఏడో నెలలో నడుస్తుండగా ‘టక్’మని శబ్దం వచ్చి ప్లేటు రెండు ముక్కలైంది. నాసిరకం ప్లేటు వేయడం వల్లనే ఇలా అయిందా?

జవాబు: లోహంలో లోపం ఉండే అవకాశం లేకపోలేదు గాని, అది చాలా అరుదు. ప్లేటు విరిగిందని తెలియగానే నేను ముందుగా చూసేది ప్లేటును కాదు, ఎముకను. ఇటువంటి ఎక్స్‌రేలో చాలాసార్లు విరిగిన గీత నల్లగా అలాగే కనిపిస్తూ ఉంటుంది, ఎముక అంచులు గుండ్రంగా మొద్దుబారి ఉంటాయి, ప్లేటు సరిగ్గా ఆ గీత ఎదుట ఉన్న ఖాళీ రంధ్రం దగ్గర తెగి ఉంటుంది.

దీని వెనుక లెక్క సులభం. ప్లేటు గాని, రాడ్డు గాని ఒంటి బరువును ఏళ్ల తరబడి ఒంటరిగా మోయడానికి తయారు చేసినవి కావు. ఎముక అతికేవరకు ముక్కలను సరైన స్థానంలో పట్టి ఉంచడమే వాటి పని. రోజుకు 3 వేల అడుగులే వేసినా ఒక్కో కాలిపై 1,500 సార్లు బరువు పడుతుంది, ఏడాదిలో అది 5 లక్షలు దాటుతుంది. ప్రతి అడుగుకూ ప్లేటు కంటికి తెలియనంతగా వంగి మళ్లీ నిలుస్తుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరకు తెగినట్లే, ఎముక తన వంతు బరువు అందుకోకపోతే ఎంత మేలైన లోహమైనా ఒకనాడు అలసి తెగుతుంది.

ఇక ఎముక ఎందుకు అతకలేదన్నదే అసలు ప్రశ్న. దెబ్బ తీవ్రతకు ఎముక ముక్కలకు రక్తప్రసారం తెగి ఉండవచ్చు. పైకి కనిపించని ఇన్‌ఫెక్షన్ లోపల ఉండవచ్చు. పొగతాగడం, అదుపులేని మధుమేహం అతుకును ఆలస్యం చేస్తాయి. అలాగని తప్పంతా రోగిదే అని తేల్చేయడం కూడా న్యాయం కాదు. ముక్కల మధ్య ఖాళీ మిగిలిపోయినా, ప్లేటు పొడవు చాలకపోయినా, విరిగిన చోటికి అతి దగ్గరగా స్క్రూలన్నీ కిక్కిరిసినా వంపు భారమంతా ప్లేటులోని చిన్న భాగంపైనే పడుతుంది. పొడి పొడిగా విరిగిన ఎముకను ప్లేటుతో అతి బిగువుగా కట్టడమూ మంచిది కాదు: కాస్తంత కదలిక ఉంటేనే అటువంటి చోట కొత్త ఎముక ముద్దగా పుట్టి రెండు వైపులా కలుపుతుంది.

అన్నయ్యగారికి అయిదో నెలలో మొదలైన నొప్పే హెచ్చరిక. ఆపరేషన్ నొప్పి తగ్గిన కొన్ని నెలల తరువాత, అడుగు వేసినప్పుడు సరిగ్గా విరిగిన చోటే మళ్లీ నొప్పి మొదలైతే ఎక్స్‌రే తీయించి తీరాలి. ఇప్పుడు పాత ప్లేటు తీసి కొత్తది వేస్తే సరిపోదు. ముందు రక్తపరీక్షలు, ఆపరేషన్ సమయంలో లోపలి కణజాలం నమూనాలు తీసి ఇన్‌ఫెక్షన్ లేదని నిర్ధారించుకోవాలి. చాలామందిలో తుంటి ఎముక అంచు నుంచి తీసిన ఎముక తురుమును ఆ ఖాళీలో నింపవలసి వస్తుంది. ఈ రెండు విషయాలలో ఏం చేయబోతున్నారని మీ సర్జన్‌ను నేరుగా అడగండి.

ప్రశ్న: స్టీలు మంచిదా, టైటానియం మంచిదా?

జవాబు: రెండింటితోనూ ఎముకలు చక్కగా అతుకుతాయి. గట్టి ఎముకతో పోలిస్తే స్టీలు సుమారు పది రెట్లు బిగువైనది, టైటానియం మిశ్రమం దానిలో సుమారు సగం. అంటే వంగే గుణంలో టైటానియం ఎముకకు కాస్త దగ్గర. అందుకే కొన్ని చోట్ల దాని వైపు మొగ్గు ఉంటుంది. నికెల్ పడనివారు స్టీలులో అది ఉంటుందని గుర్తించి ముందే చెప్పాలి. ప్లేటు ఒక లోహం, స్క్రూలు మరొక లోహం కలిపి వాడకపోవడం మంచిది. వీటన్నిటికన్నా అమర్చే చేతి నైపుణ్యమే ముఖ్యమని నా అభిప్రాయం.

ప్రశ్న: చేతిలో ప్లేటు ఉంది. ఎమ్మారై తీయించుకోవచ్చా?

జవాబు: ఈనాటి ప్లేట్లు, స్క్రూలు అయస్కాంతానికి లాగబడేవి కావు కాబట్టి సాధారణంగా తీయించుకోవచ్చు. కాని లోహం ఉన్న చోట చిత్రం చెదురుతుంది, స్టీలైతే మరింతగా. కొన్ని ఇంప్లాంట్లు వేడెక్కే అవకాశమూ ఉంది. కనుక సిబ్బందికి ముందే చెప్పి, ఏ లోహమో రాసి ఉన్న ఆపరేషన్ కాగితాన్ని చూపించండి. చర్మం బయట కడ్డీలతో బిగించిన చట్రం ఉన్నవారు మాత్రం అది ఎమ్మారైకి తగినదో కాదో తేలేవరకు ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు.