కుద్రేముఖ్ ఎక్కబోతున్న నీకు

నాన్నా,

అక్టోబరులో స్నేహితులతో కర్ణాటకలోని కుద్రేముఖ్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను మూడుసార్లు ఎక్కిన కొండ. అందుకే రాస్తున్నాను.

దాదాపు 1,890 మీటర్ల ఎత్తని టెన్షన్ పడకు. నడక మొదలయ్యే ముల్లోడి ఊరి నుంచి దారి వాగులు దాటుకుంటూ మెల్లగానే ఎక్కుతుంది. జాగ్రత్తంతా పైన గడ్డి దగ్గర. ఎండ ఉంటే దారి మైలు దూరం కనిపిస్తుంది. పొగమంచు కమ్మితే ఏ గుట్ట ఏదో తెలియదు. మొదటిసారి నేను గైడుని వెనక వదిలేసి ముందుకి నడిచాను. కాళ్ల కింద బాట చక్కగా ఉంది. అది అడవి జంతువుల బాటని, గడ్డి అంచు తెగిపోయి ఎదురుగా తెల్లటి శూన్యం కనపడ్డాక గాని తెలియలేదు. కింద ఎక్కడో నీళ్ల చప్పుడు. అక్కడే చతికిలబడి కేకలేశాను. గైడు వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు. మంచు పడితే కదలకు. కూర్చుని పిలువు.

అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి, రోజుకి కొద్దిమందినే పంపుతారు.

జలగలు తప్పవు. బూటు లేసు రంధ్రంలోంచి దారప్పోగులా సన్నగా దూరి, రక్తం తాగి చిటికెనవేలంత అవుతాయి. పట్టి లాగకు, గోటితో పక్కకి నెట్టు. తర్వాత కాసేపు రక్తం ఆగదు, భయపడకు. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపి, పైన ఉప్పునీళ్లు చల్లుకో.

దిగడమే కష్టం. తడిసిన గడ్డి మీద మడమ జారితే ఆపడానికి పట్టుకునే కొమ్మ ఉండదు. అడ్డంగా, చిన్న అడుగులతో దిగు. మధ్యాహ్నం ఒంటిగంటకి శిఖరం అందకపోతే ఎంత దగ్గరున్నా వెనక్కి తిరుగు. రెండోసారి నేను అలాగే తిరిగొచ్చాను, బాధపడలేదు.

ఇంకోటి. గడ్డి మధ్య లోయ మడతల్లో గుబురుగా కనిపించే అడవుల్ని షోలాలంటారు. ఆ గడ్డీ ఆ షోలాలూ కలిసి వాననీటిని పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతాయి. తుంగ, భద్ర రెండూ ఆ కొండల్లోనే పుడతాయి. మన కర్నూలులో నువ్వు ఈత నేర్చుకున్న నీళ్లు అవే. అక్కడ అగ్గిపుల్ల గీయకండి, బిస్కెట్ కవరు కూడా వదలకండి.

నా వెదురు కర్ర మీ నాన్నతో పంపిస్తున్నాను. నీకు కాస్త పొట్టి అవుతుందేమో, దిగేటప్పుడు మాత్రం సరిపోతుంది.

మీ పెదనాన్న