ఉగాదికి విత్తిన పెరటి తోటలో పూత ఎందుకు నిలవదు?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. ఇంటి వెనుక మూడు సెంట్ల నల్లనేల పెరడు, బోరు నీరు ఉన్నాయి. కిందటి ఏడాది ఉగాది వెళ్ళిన వారంలో టమాటా, బెండ, బీర విత్తాము. టమాటా ఏపుగా పెరిగింది కాని పూతంతా రాలిపోయింది. బీర తీగ నిండా పూలే, కాయలు మాత్రం రెండు మూడు; వచ్చిన పిందెలు పసుపు రంగుకు తిరిగి కుళ్ళి రాలాయి. బెండ ఆకులు పసుపెక్కి పండిపోయాయి. పత్తికి వాడగా మిగిలిన మందు రెండుసార్లు కొట్టినా ఫలితం లేదు. ఈసారి ఏమేమి, ఎప్పుడు విత్తుకోవాలి? పుట్టింటి నుంచి తెచ్చుకున్న పందిరి చిక్కుడు గింజలు కూడా ఇప్పుడే నాటవచ్చా? – ఒక మహిళా రైతు.

జవాబు: అమ్మా, మీ పెరట్లో నేల బాగానే ఉంది, గింజ మొలిచింది, మొక్క కూడా ఏపుగానే ఎదిగింది. చిక్కంతా పూత దగ్గర వచ్చింది. ఉగాది వెళ్ళాక విత్తిన టమాటా మే నెలలో పూతకు వస్తుంది. రెంటచింతల పేరు చెబితేనే ఎండ గుర్తుకు వచ్చే మీ జిల్లాలో మే నెల పగళ్ళు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఈసారి ఏ పంటనైనా విత్తే ముందు, గింజ నేలలో పడిన రోజు నుంచి పూత వచ్చే రోజు వరకు వేళ్ళ మీద లెక్క వేసుకోండి. పూత మార్చిలో మొదలయ్యేటట్లు ఉంటే నిశ్చింతగా విత్తవచ్చు. ఏప్రిల్ సగం దాటాక గాని పూత రాదనుకుంటే, ఆ పంటను వదిలి ఎండను ఓర్చుకొనే మరొక పంటను ఎంచుకోవడం మంచిది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు అంటారు; వేసవి పెరటికి గింజలు పడవలసిన అదను కూడా సరిగ్గా ఆ రోజులే.

టమాటా విషయంలో ఈ లెక్క మరీ కచ్చితంగా ఉండాలి. ఈ పంట కాయ కట్టడానికి రాత్రి చల్లదనం చాలా అవసరం. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నంత కాలం పూత చక్కగా నిలుస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా 25 డిగ్రీల దగ్గర వేడిగా ఉంటే పుప్పొడి సరిగా తయారు కాదు. అటువంటి రోజుల్లో ఒక టమాటా పువ్వును కోసి దగ్గరగా చూడండి. మామూలుగా మధ్యనున్న పసుపు గొట్టం లోపలే దాగి ఉండవలసిన కీలాగ్రం (పుప్పొడిని అందుకొనే కొన), చిన్న ఆకుపచ్చ ముల్లులాగా బయటికి పొడుచుకొని వచ్చి ఉంటుంది, అందువల్ల ఆ కాస్త పుప్పొడి కూడా దానికి అంటదు. రెండు మూడు రోజులకు తొడిమ మీద మోకాలి చిప్పలాగా ఉన్న ముడి పసుపు రంగుకు తిరుగుతుంది, పువ్వు అక్కడికి విరిగి రాలిపోతుంది. ఇది తెగులూ కాదు, పురుగూ కాదు. అందుకే మీరు కొట్టిన మందుకు లొంగలేదు.

ఇప్పుడు ఫిబ్రవరి మొదటి వారంలో ఉన్నాము. ఈ రోజు నారు పోసుకుంటే నాటడానికి 25 నుంచి 30 రోజులు, నాటిన తరువాత పూతకు మరో 25 నుంచి 30 రోజులు పడుతుంది, అంటే ఏప్రిల్ వచ్చేస్తుంది. అందువల్ల ఈ ఏడాదికి దగ్గరలోని నర్సరీలో నెల రోజుల వయసున్న నారు పది పన్నెండు మొక్కలు తెచ్చుకొని, ఈ వారంలోనే సాయంత్రం వేళ నాటి నీరు పెట్టండి. మార్చిలో పూసిన పూత మీకు ఏప్రిల్ నెలంతా కూరకు సరిపడా కాయలిస్తుంది. ఆ పైన వచ్చే పూత మీద ఆశ పెట్టుకోకండి. వచ్చే ఏడాది పంటకు ఈ డిసెంబరులోనే మీరు సొంతంగా నారు పోసుకుంటే ఇంకా మేలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్కా వికాస్, తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.ఎం.-1 రకాలు వేడిని కొంతవరకు తట్టుకుంటాయి. ఒక రోజు మడి నింపి, నాలుగు రోజులు ఎండగట్టి, మళ్ళీ నింపే అలవాటు ఉంటే మాత్రం మానుకోండి. అలా చేస్తే నేలలో సున్నం ఉన్నా మొక్క దానిని కాయ వరకు తీసుకుపోలేదు, కాయ అడుగు భాగం నల్లగా, తోలులాగా మారుతుంది.

బీర సంగతి వేరు. ఎండ దానికి పడుతుంది, కాని తీగ జాతుల్లో మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. మొదటి వారం పది రోజులు పూసేవన్నీ మగపూలే, అవి రాలిపోవడం సహజం. పువ్వు వెనుక చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, సన్నని కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. ఎండ తీవ్రత, పగటి పొడవు పెరిగే కొద్దీ మగపూల వాటా పెరుగుతుంది. ఉగాది తరువాత విత్తిన మీ తీగ నిండా పూలుండి కాయలు లేకపోవడానికి ఇది మొదటి కారణం. ఈ నెల పదిహేనో తేదీలోపు విత్తితే మార్చి చివరి వారానికి పూత మొదలవుతుంది. తీగ రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి. మోతాదు ఎక్కువైతే ఆకులు మాడుతాయి కనుక చిటికెల లెక్కన కాకుండా తూచి వేయండి. తీగ పచ్చగా ఉన్నదని యూరియా అదే పనిగా వేసినా ఆకే పెరుగుతుంది.

రెండో కారణం పరపరాగ సంపర్కం, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరడం, జరగకపోవడం. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, సొర కూడా అంతే. కాకర, దోస తెల్లవారుజామున విచ్చుకుంటాయి. పెరట్లో తేనెటీగలు తక్కువగా తిరుగుతుంటే ఆ పని మీరే చేయవచ్చు. సాయంత్రం ఆరు గంటల వేళ అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రం మీద మెత్తగా రెండు మూడుసార్లు అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. మూడు నాలుగు రోజుల్లో పిందె ముదురాకుపచ్చగా మారి సాగడం మొదలుపెడితే మీ శ్రమ ఫలించినట్లే.

ఇక కుళ్ళి రాలిన పిందెల సంగతి. ఈసారి అటువంటి పిందె కనబడితే పారవేయకుండా చాకుతో నిలువునా కోసి చూడండి. పిందె పువ్వు కొన నుంచి వాడుతూ వచ్చి, లోపల శుభ్రంగా ఉంటే అది పుప్పొడి అందక రాలినది. పైన సూది గుచ్చినంత రంధ్రం, దాని మీద జిగురు బొట్టు ఉండి, లోపల తెల్లని పురుగులు కనబడితే అది పండు ఈగ పని. ముదిరిన పురుగును నేల మీద వేస్తే వంగి ఎగిరి గంతు వేస్తుంది కూడా. ఈ పురుగు రాలిన కాయలో నుంచి మట్టిలోకి దిగి అక్కడ ఈగగా మారుతుంది, కాబట్టి రాలిన పిందెలను పాదు దగ్గరే వదిలివేయడమంటే మరుసటి తరానికి తిండి పెట్టి పెంచడమే. వాటిని ఏ రోజుకారోజు ఏరి, పాలిథీన్ సంచిలో మూతి కట్టి నాలుగు రోజులు ఎండలో పడవేయండి. పాదు చుట్టూ మట్టిని వారానికొకసారి పైపైన కదిలించండి. పందిరికి క్యూలూర్ అనే వాసన మందు పెట్టిన ఎరబుట్ట ఒకటి వేలాడదీస్తే మగ ఈగలు అందులో పడతాయి. పదిహేను ఇరవై కాయలకు మించని పెరట్లో, నిలబడిన పిందెకు పాత వార్తాపత్రికతో గొట్టంలాగా తొడుగు చుట్టడం అన్నింటికంటే తేలిక.

బెండ ఆకులు పండిపోవడం మాత్రం నిజంగా తెగులే. ముందు ఈనెలు, తరువాత ఆకంతా పసుపెక్కి, కాయలు కూడా తెల్లబారి గట్టిపడితే అది పల్లాకు తెగులు. ఇది వైరస్ వల్ల వస్తుంది, తెల్లదోమ ద్వారా ఒక మొక్క నుంచి మరొక మొక్కకు వ్యాపిస్తుంది, వచ్చాక నయం చేసే మందు లేదు. పత్తి, బెండ ఒకే కుటుంబపు మొక్కలు. మీ ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో పత్తి మోళ్ళు పీకి వంట చెరుకుగా ఇళ్ళ దగ్గర కుప్పలు వేస్తారు. పత్తి చేలు ఎండిపోయాక తెల్లదోమకు పచ్చగా కనిపించేది మీ పెరటి బెండే. వెనుక గోడకు ఆనించి పత్తికట్టె ఉంటే దూరంగా జరపండి. విత్తనానికి బెంగళూరు వారి అర్కా అనామిక గాని, మహారాష్ట్రలోని పర్భణి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన పర్భణి క్రాంతి గాని తీసుకోండి. గింజలను రాత్రంతా నానబెట్టి, వరుసల మధ్య అడుగున్నర, మొక్కల మధ్య జానెడు లోపు ఎడంతో విత్తండి. వేసవిలో మొక్క గుబురుగా పెరగదు కనుక వానకాలం కంటే దగ్గరగా ఉండాలి. పసుపెక్కిన మొదటి మొక్క కనబడిన రోజే మొహమాటం లేకుండా పీకివేయండి. మడిలో పసుపు రంగు జిగురు అట్టలు రెండు మూడు పెట్టి, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి వడగట్టిన కషాయంలో కాస్త సబ్బు నీరు కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా వారం పది రోజులకొకసారి చల్లండి. బెండ మీద సాయంత్రం, బీర మీద ఉదయం చల్లితే విచ్చుకున్న పూల మీద మందు పడదు.

పత్తికి మిగిలిన మందు గురించి కటువుగా చెప్పక తప్పదు. పత్తి మీద కొట్టిన మందును మనం తినము. బెండకాయ రెండు రోజులకొకసారి కోసి కూర వండుకుంటాము. పత్తికి వాడే మందుల్లో చాలావాటికి కూరగాయల మీద అనుమతే లేదు, వాటిలో ఒకటైన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటాన్ని మన దేశంలో నిషేధించారు. పైగా ఆ మందును సాయంత్రం కొట్టి ఉంటే బీర పూల మీద వాలిన తేనెటీగలు కూడా చనిపోయి ఉంటాయి. ఆ డబ్బాను పెరటి తలుపు దాటి లోపలికి తేవద్దు. బూడిద తెగులు వచ్చిందని ఎవరైనా గంధకం చల్లమన్నా తీగ పంటల మీద చల్లకండి, ఆకులు మాడిపోతాయి.

ఎరువు, నీటి విషయంలో ఎక్కువ చెప్పవలసినది లేదు. సెంటుకు 80 నుంచి 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి తవ్వుకుంటే చాలు. పచ్చిపేడ వేస్తే చెదలు, వేరుపురుగు వస్తాయి. నల్లనేల ఎండలో నెర్రెలు విచ్చి వేర్లను తెంపుతుంది కనుక మార్చి రాగానే మొక్కల మొదళ్ళలో వరిగడ్డి గాని ఎండాకులు గాని మూడు నాలుగు వేళ్ళ మందాన పరవండి. తీగ పాదుల మధ్య మట్టికుండను మెడ వరకు పాతి, నీరు నింపి, మూత పెడితే తడి నిదానంగా వేర్లకు అందుతుంది, నీరూ చాలా ఆదా అవుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు పాదులకు పోయవచ్చు. బట్టల సబ్బు నీరు పోయకండి, నేల చవుడెక్కుతుంది.

మూడు సెంట్లలో ఒక సెంటైనా ఎండకు బెదరని పంటలకు కేటాయించండి. గోరుచిక్కుడును ఈ నెలలో విత్తితే వేసవి అంతా కాస్తుంది, పూసా నవబహార్ మంచి రకం. తోటకూర 25 నుంచి 30 రోజులకే కోతకు వస్తుంది కనుక పదిహేను రోజులకొక మడి చొప్పున చల్లుతూ పోవచ్చు; గోంగూర, తీగ బచ్చలి కూడా మే ఎండలో నిలబడతాయి. కొత్తిమీర కావాలంటే సొర పందిరి నీడలోనో, పడమటి వైపు పాత చీర అడ్డం కట్టిన చోటనో చల్లండి. పందిరిని పడమటి వైపే వేస్తే మధ్యాహ్నపు ఎండ, వడగాలి నుంచి టమాటాకు కూడా కొంత కాపుదల ఉంటుంది. ఇంకొక మాట: నీటి ఎద్దడికి గురైన బీర, సొర, దోస కాయలు ఒక్కోసారి చేదెక్కుతాయి. తరిగే ముందు చిన్న ముక్క నోట వేసుకొని చూసే మన ఇళ్ళలోని అలవాటు చాలా మంచిది. చేదుగా ఉన్న కాయను ఉడికించినా దోషం పోదు, వాంతులు, విరేచనాలు కావచ్చు, కాబట్టి మొత్తం కాయను పారవేయండి. సొర రసం తాగే అలవాటున్న వారు ఇంట్లో ఉంటే వారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

పందిరి చిక్కుడు గింజలు మాత్రం ఇప్పుడు నాటవద్దు. ఆ పాత నాటు రకాలు పగలు కురచబడినప్పుడే పూతకు వస్తాయి; ఇప్పుడు నాటితే పందిరంతా కమ్ముకొని ఆకుతోనే కాలక్షేపం చేస్తాయి, నీరంతా తాగుతాయి, చలికాలం వచ్చే దాకా ఒక్క గెల కూడా వేయవు. గింజలను ఒక రోజు ఎండలో ఆరబెట్టి, పొడి బూడిద కలిపి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. జూన్ నెలాఖరులో గాని జులైలో గాని మంచి వాన పడ్డాక, అప్పటికి కాపు అయిపోయిన బీర తీగను తీసివేసి అదే పందిరి కింద పాదుకు మూడు నాలుగు గింజల చొప్పున పెట్టండి.