రొయ్యకు టీకా అడిగారు, నేను మురుగు కాలువ గురించి చెబుతాను

"వెనామీకి తెల్లమచ్చ రాకుండా మేతలో కలిపే వ్యాక్సిన్ అంటూ మా ఊళ్లో ఒకరు అమ్ముతున్నారు, కొనవచ్చా?" అన్నది మీ ప్రశ్న. తెలియనివాళ్ల కోసం: వెనామీ అంటే చెరువుల్లో పెంచే ఒక రొయ్య రకం, తెల్లమచ్చ అంటే రొయ్యలను చంపే వైరస్ జబ్బు. కొనకండి. జవాబు అంతే. ఇక మిగిలినదంతా నేను పోగొట్టుకున్న డబ్బు గురించి, నా వల్ల ఇంకొకరు పోగొట్టుకున్న డబ్బు గురించి.

మాది మొగల్తూరు వైపు. మా నాన్నగారు టైగర్ రొయ్య నాటి మనిషి. 1994లో తెల్లమచ్చ మన దేశంలోకి వచ్చినప్పుడు దాని పేరు కూడా తెలియదు, చెరువులో ఎవరో మందు కలిపారని పక్క ఊరివాళ్లను అనుమానించారట. ఆ దెబ్బకు ఆయన వరిలోకి వెళ్లిపోయారు. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక ఆ వరి చేనునే నేను మళ్లీ చెరువు చేశాను. ఆయన గట్టు మీద నిలబడి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

2021 కార్తీకంలో రెండెకరాల చెరువులో రెండు లక్షల నలభై వేల సీడు, అంటే రొయ్య పిల్లలు, వేశాను. కాకినాడ తీరంలోని ఒక హేచరీ పిల్ల, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష కూడా చేయించాను. అప్పుడు వచ్చాడు ఆ కుర్రవాడు, మోటారు సైకిల్ మీద, సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని. "కరోనాకు మీరు టీకా వేయించుకున్నారు కదా సార్, రొయ్య ఏం పాపం చేసింది?" అన్నాడు. ఆ ఏడాది ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాడు ఎవడు? ఆ పొడి కిలో 3,800 రూపాయలు. నాలుగు కిలోలు తీసుకున్నాను. జిగురు కలిపి మేతకు పట్టించడం, నీడలో ఆరబెట్టడం, చల్లడం. మా ఆవిడ కూర్చుని పసిపిల్లకు మందు కలిపినంత జాగ్రత్తగా కలిపేది.

యాభై రెండో రోజు. ధనుర్మాసం, మంచు. అయిదింటికి చెరువు దగ్గరకు వెళ్లేసరికి చస్తున్న రొయ్యల కోసం గట్టు వెంట కొంగలు వరుస కట్టి ఉన్నాయి. ఈ పని చేసేవాడికి ఆ వరుస చూస్తే చాలు, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తాను, రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యలు అంచుకు వచ్చి, భయం లేకుండా, చేతికి అందేలా ఈదుతున్నాయి. ఒకదాన్ని పట్టుకున్నాను. ఒళ్లు ఎర్రబారింది. వెనామీలో మచ్చ అన్నిసార్లూ కనిపించదు, కానీ తలపెంకు ఊడదీసి టార్చి వెలుగుకు అడ్డం పెడితే కనిపించింది, ముగ్గుపిండి రాలినట్టు.

ఆ కుర్రవాడికి ఫోను చేశాను. "టీకా వేశారు కాబట్టే ఇంత ఆలస్యంగా వచ్చింది సార్, లేకపోతే ముప్పయ్యో రోజే వచ్చేది" అన్నాడు. ఆ సమాధానానికి ఇప్పటికీ నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

తరువాత ఇంటికి వచ్చి ఆ డబ్బా మీద చిన్న అక్షరాలు భూతద్దంతో చదివాను. యీస్టు కణాల గోడల నుంచి తీసే బీటా గ్లూకాన్, విటమిన్ సి. విషం కాదు, మోసపు సరుకు కూడా కాదు, రొయ్యకు కొంత సత్తువ ఇస్తుందంటారు. కానీ అది టీకా కాదు. టీకా అంటే ఒంటికి శత్రువు ముఖం చూపించి గుర్తుపెట్టుకోమనడం. మనకూ, కోడికీ, చేపకూ ఆ జ్ఞాపకం ఉంది, యాంటీబాడీలు తయారవుతాయి. రొయ్యకు వెన్నెముకా లేదు, యాంటీబాడీలూ లేవు. నార్వేలో సాల్మన్ పిల్లలకు వరుసగా సూది వేసే వీడియోలు మన వాట్సాప్ బృందాల్లో తిరుగుతుంటాయి. నిజమే, అక్కడ 1987లో 50 టన్నుల దాకా వెళ్లిన యాంటీబయాటిక్ వాడకం టీకాలు వచ్చాక ఒకటి రెండు టన్నులకు దిగింది. కానీ అది చేప, ఆ టీకాల్లో ముఖ్యమైనవి బ్యాక్టీరియా జబ్బులకు. కనురెప్ప వెంట్రుకంత పిల్లకు, అదీ రెండు లక్షల నలభై వేల పిల్లలకు, ఎవరు వేస్తారు సూది?

పరిశోధన జరగలేదని కాదు. 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు వైరస్ పైపొరలోని వీపీ 28 అనే ప్రోటీన్ ఉన్న బ్యాక్టీరియాను మేతకు పట్టించి టైగర్ రొయ్యలకు తినిపించారు. వారం రోజులకు మంచి రక్షణ కనిపించింది, మూడు వారాలకు చాలావరకు కరిగిపోయింది. మన పంట వంద రోజులు. వైరస్ జన్యువును అణిచే ఆర్‌ఎన్‌ఏ సూదులు కూడా ప్రయోగశాలలో పనిచేశాయి. గాజు తొట్టెలో పనిచేయడం వేరు, మా బురదలో వేరు. నా జీవితకాలంలో చెరువు గట్టు మీదకు నిజమైన రొయ్య టీకా రాదు, రాసిపెట్టుకోండి. శాస్త్రవేత్తలు ఎవరైనా చదివితే కోప్పడతారు, పడనివ్వండి.

మధ్యలో ఇంకొక మాట. ఎస్‌పీఎఫ్ సీడు అంటే జబ్బు రాని సీడు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తల్లిరొయ్యల్లో ఫలానా జబ్బులు లేవని చెప్పడమే దాని అర్థం. అందుకే విదేశాల నుంచి వచ్చిన తల్లిరొయ్యలను చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచుతారు. ఆసుపత్రిలో పరీక్షించి పంపిన బిడ్డకు వానలో తడిస్తే జలుబు రాదా? పీసీఆర్ సంగతీ అంతే. నూట యాభై పిల్లలను పరీక్షిస్తే, నూటికి రెండింటికి జబ్బు ఉన్నా దాదాపుగా దొరుకుతుంది. వెయ్యికి ఒక దానికి ఉంటే ఎక్కువసార్లు దొరకదు. ఆ ఒక్కటి చచ్చాక మిగతావి దాన్ని తింటాయి, కథ అక్కడ మొదలవుతుంది.

ఇక అసలు విషయం. చెరువులో జబ్బు చూసిన ఆ రోజే పట్టుబడి పెట్టాను, అంటే ఉన్న రొయ్యనంతా పట్టించేశాను. 110 కౌంటు, అంటే కిలోకు 110 రొయ్యలు, మొత్తం 940 కిలోలు. చస్తున్న చెరువు అని వ్యాపారికి తెలిస్తే రేటు ఎలా కోస్తాడో నేను చెప్పనక్కర్లేదు, ఐసు కూడా నా లెక్కలోనే రాశాడు. చెరువులో జబ్బు నీళ్లు మిగిలాయి. నిబంధన ఏమిటంటే తూము కట్టేసి, బ్లీచింగ్ వేసి, కొన్ని రోజులు నిలవ ఉంచి, అప్పుడు వదలాలి. ఆ లోతుకు ఇంచుమించు టన్ను బ్లీచింగ్ కావాలి. టన్ను రొయ్య కూడా చేతికి రానివాడిని టన్ను బ్లీచింగ్ కొనమంటే ఎలా ఉంటుంది? రాత్రి పదకొండు దాటాక, ఆటు సమయం చూసుకుని, తూము పలకలు ఎత్తేశాను. నీళ్లు మురుగు కాలువలోంచి సముద్రానికి పోతాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆరు గంటలకు పోటు వస్తుందని, పోయినదంతా వెనక్కి ఎక్కుతుందని చిన్నప్పటి నుంచి చూస్తున్నవాడినే.

మా బాబాయి చెరువు అదే కాలువ మీద, నా కన్నా ఎగువన. ఆయన పోటుకే నీళ్లు తోడుకుంటాడు. తొమ్మిదో రోజున ఆయన గట్టు మీదకు కొంగలు వచ్చాయి. డెబ్బయి రోజుల పంట, 60 కౌంటుకు వచ్చింది, ఇంకో మూడు వారాలు ఆగితే కూతురి పెళ్లి అప్పు తీరేది. "పిల్ల మంచిది కాదురా, హేచరీవాడు ముంచాడు" అన్నాడు నాతో. "అవును బాబాయ్" అన్నాను.

ఏడాదిన్నర తరువాత, ఒక సాయంత్రం ఆయన నీళ్లలో గాలి కలిపే ఏరేటరు బాగు చేస్తూ ఉండగా జరిగింది చెప్పాను. ఆయన పాన చేతిలోంచి దించలేదు. "ఆ రాత్రి నీ తూము పలక చప్పుడు నాకు వినిపించింది" అన్నాడు. "మరి తెల్లవారి నీళ్లు ఎందుకు తోడావు?" అంటే, "అప్పటికే మోటారుకు డీజిల్ పోసి ఉంచాను" అన్నాడు.

ఇప్పుడు ఆ కాలువ మీద మేం పదకొండు మంది రైతులం ఫోనులో ఒక బృందం పెట్టుకున్నాం. ఎవరి చెరువులో రొయ్య అంచుకు వచ్చినా వెంటనే చెప్పాలి, మిగతావాళ్లు తోడడం ఆపాలి, బ్లీచింగ్ ఖర్చు అందరూ పంచుకోవాలి. పీతలు గట్టు ఎక్కకుండా వలకంచె, పైన కొంగలకు దారాలు, ఇవీ కలిసే కట్టుకున్నాం. ఇద్దరు ఇప్పటికీ చెప్పకుండానే వదిలేస్తారు, వాళ్లెవరో అందరికీ తెలుసు. ఆ పొడికి నేను పోసిన 15,200 రూపాయలకు అప్పట్లో దాదాపు అర టన్ను బ్లీచింగ్ వచ్చేది. మీ దగ్గర అమ్మేవాడి డబ్బా మీద ఏం రాసి ఉందో ముందు చదవండి. చదివాక కూడా కొనాలనిపిస్తే, కనీసం మీ కాలువకు ఎగువనా దిగువనా ఎవరెవరు ఉన్నారో వాళ్ల ఫోను నంబర్లు తీసుకుని తరువాత కొనండి.