యుద్ధాలను లెక్కించబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రపంచంలో శాంతి పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అనే ప్రశ్నతో పరిశోధన మొదలుపెడుతున్నట్టు రాశావు. ఆ ప్రశ్న జోలికి పోయే ముందు, నువ్వు వాడబోయే పట్టికలో దేన్ని లెక్కించారో, దేన్ని వదిలేశారో తెలుసుకోవడానికి ఒక నెల కేటాయించు. మీ మార్గదర్శకులు తొందరపెట్టినా సరే.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం వారి గణాంకాలలో ఒక సంఘర్షణకు చోటు దక్కాలంటే ఏడాదిలో పోరాటాల వల్ల కనీసం 25 మంది చనిపోయి ఉండాలి. 1000 మందికి చేరితే దాన్ని యుద్ధమంటారు. 24 మంది చనిపోయిన చోట శాంతి నెలకొన్నదని దీని అర్థం కాదు, ఎక్కడో ఒక గీత గీయక తప్పదు కనుక అక్కడ గీశారు. 2023లో, ఒక పక్షాన ప్రభుత్వం ఉన్న సంఘర్షణలు 59 నమోదయ్యాయి. 1946 నుంచి అప్పటివరకు అదే అత్యధికం. కాని మరణాలు మాత్రం 2022 కంటే తగ్గాయి. ఒకే ఏడాదిని చూపి ఒకరు పరిస్థితి దిగజారిందనీ మరొకరు మెరుగుపడిందనీ రాయగలరు, ఇద్దరిదీ అబద్ధం కాదు.

రువాండాను ఎప్పుడూ గుర్తుపెట్టుకో. 1994లో అక్కడ సుమారు వంద రోజుల్లో లక్షల మందిని చంపారు. అయితే చనిపోయినవారిలో అత్యధికులు నిరాయుధులైన పౌరులు కనుక, ఆ సంఖ్య పోరాట మరణాల గ్రాఫులో కాక ‘ఏకపక్ష హింస’ అనే వేరే వర్గంలో కనిపిస్తుంది. మొదటి గ్రాఫు ఒక్కటే చూసినవారికి ఆ ఏడాది మామూలుగానే అనిపిస్తుంది. అందుకే, ప్రభుత్వంతో పోరు, ప్రభుత్వేతర వర్గాల మధ్య పోరు, ఏకపక్ష హింస, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవకుండా ఒక్క వాక్యం కూడా రాయవద్దు.

సంఘటనలను నువ్వే నమోదు చేయాల్సి వస్తే మరింత జాగ్రత్త కావాలి. ఒక దాడిలో 12 మంది పోయారని సైన్యం అంటుంది, 40 మంది అని తిరుగుబాటుదారులు అంటారు; సగటు తీసి 26 అని రాస్తే అది ఎవరూ చెప్పని సంఖ్య అవుతుంది. దిగువ, ఉత్తమ, ఎగువ అంచనాలకు మూడు గడులు పెట్టుకుని, ఏది ఎందుకు ఎంచుకున్నావో పక్కనే రాసుకో. కొత్తలో నేనొక దాడిని రెండుసార్లు లెక్కించాను: రెండు పత్రికలు ఆ ఊరి పేరును రెండు రకాలుగా రాశాయి, పైగా ఒకటి దాడి జరిగిన తేదీ ఇస్తే మరొకటి వార్త అందిన తేదీ ఇచ్చింది. ఆ తప్పు బయటపడేసరికి నాలుగు నెలల పని తిరగదోడాల్సి వచ్చింది.

గ్రాఫులో చివరి బిందువును నమ్మకు. 2020 నవంబరులో ఇథియోపియాలోని టిగ్రాయ్‌లో యుద్ధం మొదలైనప్పుడు ఫోన్లు, ఇంటర్నెట్ తెగిపోయాయి, విలేఖరులు లోపలికి వెళ్ళలేకపోయారు. మరణాల తీవ్రత ఎంతో ఆలస్యంగా గాని లెక్కలకు ఎక్కలేదు. దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. ప్రపంచవ్యాప్తంగా హింసాత్మక సంఘటనలను నమోదు చేసే ఆక్లెడ్ సంస్థ వద్ద ఆఫ్రికా వివరాలు 1997 నుంచి ఉన్నాయి గాని, చాలా ఇతర ప్రాంతాలకు ఎంతో తరువాతనే మొదలయ్యాయి. దేశాలన్నింటినీ కలిపి గీత గీస్తే, లెక్కింపు మొదలైన ఏడాదే హింస పెరిగినట్టు కనిపిస్తుంది.

2007 నుంచి వస్తున్న ప్రపంచ శాంతి సూచీ ర్యాంకుల గురించి అడిగావు. 163 దేశాలకు 23 సూచికలతో వేసే ఆ మార్కులలో ఖైదీల సంఖ్యకూ, ఆయుధాల ఎగుమతికీ కూడా వాటా ఉంది, ఆ వాటాలను నిర్ణయించింది మనుషులే. ర్యాంకును పక్కన పెట్టి మార్కును చూడు, ఎందుకంటే పైనున్న దేశాలు దిగజారితే ఏమీ మారని దేశం కూడా పైకి ఎక్కుతుంది.

నమోదు చేసిన మొదటి వంద వరుసలను, ఆధారమైన వార్తలతో సహా నాకు పంపు. ముందుగా తేదీల గడి చూస్తాను.

శుభాశీస్సులతో,
మీ పెదనాన్న