నేను నమ్ముతాను, ఆయన నమ్మరు... బాబుకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మాకు పెళ్లయి పదకొండేళ్లు. ఇద్దరం క్రైస్తవ కుటుంబాల్లోనే పుట్టి పెరిగాం. మూడేళ్లుగా మావారు దేవుడు లేడంటున్నారు. ఈమధ్య మా అమ్మ చనిపోయింది. చివరి రోజుల్లో ఆవిడకి అన్నీ దగ్గరుండి చేసింది ఆయనే. మా ఎనిమిదేళ్ల బాబు ‘అమ్మమ్మ పరలోకంలో ఉందా?’ అని అడిగితే నేను ఉందన్నాను, ఆయన చనిపోయినవాళ్లు ఎక్కడా ఉండరన్నారు. ‘వాడికి అబద్ధాలు నేర్పకు’ అని ఆయన, ‘గర్వంతో కళ్లు మూసుకుపోయాయి’ అని నేను, పెద్ద గొడవైంది. మా అక్క ‘ఎవరి నిజం వాళ్లది, వదిలెయ్’ అంటోంది. సత్యం విషయంలో మేమిద్దరం కలిసే చోటు అసలు ఉందా? ఇంట్లో ఆయన ఉండగా పైకి ప్రార్థన చేసుకోవడం కూడా మానెయ్యాలా?

జవాబు: మీ అక్కగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు కానీ, ఆ సలహా మీ ఇద్దరిలో ఎవరికీ పనికిరాదు. యేసు సమాధిలోంచి లేచాడా లేదా అన్నది మీకు ఇష్టాయిష్టాల సంగతి కాదు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటనా వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలే తేల్చేశాడు. జరిగిందా, జరగలేదా? మీవారు అడుగుతున్నదీ అదే. నిజమనేది ఒకటి ఉందని, మనకు నచ్చినా నచ్చకపోయినా అది మారదని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఎంత సాక్ష్యం ఉంటే నమ్మొచ్చు అన్న దగ్గరే విడిపోతున్నారు. శిష్యుల సాక్ష్యం, ప్రార్థనలో మీకు కలిగిన అనుభవం మీకు చాలు. చనిపోయిన మనిషి లేచాడనడానికి అవి చాలవంటారు ఆయన. అదే బాబుకు జ్వరమొస్తే రక్తపరీక్ష రిపోర్టును ఇద్దరూ ఒకేలా చదువుతారు కదా.

విశ్వం ఒక ఆరంభ బిందువు నుంచి విస్తరించిందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ బెల్జియం కాథలిక్ ఫాదర్. దేవుణ్ణి నమ్మని బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ దాన్ని ఒప్పుకోలేదు. ‘బిగ్ బ్యాంగ్’ అన్న పేరు పెట్టింది, 1949లో రేడియోలో, ఆయనే. 1960లలో ఆ ఆరంభపు వేడికి మిగిలిన ఆనవాలుగా ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే మైక్రోవేవ్ వికిరణం దొరికాక శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది లెమైత్ర్ వైపు మొగ్గారు. ఫాదర్ చెప్పాడనీ కాదు, ఫాదర్ చెప్పినా సరే అనీ కాదు, సాక్ష్యం దొరికిందని. లెమైత్ర్ మాత్రం తన సిద్ధాంతాన్ని దేవుడికి రుజువుగా వాడుకోలేదు. అది మతానికి సంబంధించిన ప్రశ్న కాదని, దేవుణ్ణి కాదనే స్వేచ్ఛ భౌతికవాదికి అలాగే ఉంటుందని అన్నారు. సైన్స్ దేవుడు లేడని తేల్చేసిందని మీవారు అంటూ ఉంటే, ఈ కథ ఆయనకూ పనికొస్తుంది.

అసలు మీ గొడవ సత్యం గురించి మొదలైనా, ఎక్కువసేపు అక్కడ ఆగలేదు. మీరు రాసిన రెండు మాటలూ మళ్లీ చదవండి. ఆయన మీ నిజాయితీని శంకించారు, మీరు ఆయన ఉద్దేశాన్ని. మనస్ఫూర్తిగా నమ్మి చెప్పినదాన్ని అబద్ధమనడం అన్యాయం. పొరపాటు అనొచ్చు, ఆ మాట మీరు భరించగలరు. అలాగే, ఆయనకు గర్వమని మీకెలా తెలుసు? మీ అమ్మగారికి అంత సేవ చేసిన మనిషికి దేవుడు లేకపోతే నీతి ఉండదని మీ సంఘంలో ఎవరైనా చెబితే, అది నిజం కాదని అందరికంటే బాగా తెలిసింది మీకే. అది నిజం కాదని ఆయన వినేలా ఒకసారి పైకి అనండి. వాదనలో నెగ్గడం కంటే ఇదే ముందు కావాలి.

ఇక బాబు సంగతి. నాకు ఎక్కువ దిగులు వాడి గురించే. అమ్మ, నాన్నల్లో ఒకరు అబద్ధమాడుతున్నారని ఎనిమిదేళ్లవాడు అనుకోకూడదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చెప్పండి: ‘అమ్మమ్మ దేవుడి దగ్గర ఉందని అమ్మ నమ్ముతుంది. నాన్న అలా అనుకోవడం లేదు. అమ్మమ్మ మనల్ని చాలా ప్రేమించింది, ఇప్పుడు మనతో లేదు, అందుకే మనందరికీ ఏడుపొస్తోంది. దీంట్లో మా ఇద్దరిదీ ఒకే మాట.’ వాడు ‘మరి ఎవరు కరెక్ట్?’ అనే అడుగుతాడు. ‘మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటున్నాం, నువ్వు ఎప్పుడైనా అడగొచ్చు’ అంటే చాలు. ఆయన్ని నరకం పేరుతో వాడి ముందు భయపెట్టొద్దు. మీ నమ్మకాన్ని వాడి ముందు ఎగతాళి చేయొద్దని ఆయన్నీ అడగండి. చర్చికి పంపడం గురించి మీరిద్దరే, వాడు లేనప్పుడు, తేల్చుకోండి.

ఎవరైనా ఈ కాపురం నిలవదని బెదిరిస్తే కొరింథీయులకు రాసిన ఆ మొదటి పత్రికలోనే 7వ అధ్యాయం చూపించండి. అవిశ్వాసి అయిన భర్త కలిసి ఉండటానికి ఇష్టపడితే అతణ్ణి విడిచిపెట్టొద్దని పౌలు స్పష్టంగానే రాశాడు.

ప్రార్థన ఎందుకు మానెయ్యాలి? పైకే చేసుకోండి, ఆయన ఇంట్లో ఉన్నా సరే. కాకపోతే ‘నాన్న మనసు మార్చు ప్రభువా’ అన్న మనవి ఒక్కటి మాత్రం బాబు పక్కన లేనప్పుడు చేసుకోండి.