మొరాకో చేప గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చేరింది. చదివాను. వంట నీకు వచ్చు, అది తెలుస్తూనే ఉంది. రాయడం దగ్గరే కొంచెం పని ఉంది.

మొదటి రెండు పేరాలూ కొట్టేయ్. ఒంటెలు, ఇసుక తిన్నెలు, సుగంధ ద్రవ్యాల బజార్లు అయ్యాక గానీ చేప రాలేదు. చేపకీ ఎడారికీ ఏం సంబంధం? ఈ వంట సముద్రపు ఒడ్డుది. మొరాకోకి ఒక పక్క అట్లాంటిక్, పైన మధ్యధరా ఉన్నాయి. సాఫీ, ఎస్సావిరా, అగాదిర్ రేవుల్లో సార్డిన్ చేపలు దిగుతాయి. డబ్బాల్లో పెట్టిన సార్డిన్ల ఎగుమతిలో ఆ దేశానిదే మొదటి స్థానం. అక్కడ మొదలుపెట్టు.

"వేల ఏళ్ల నాటి సంప్రదాయ వంటకం" అన్న వాక్యం కూడా తీసెయ్. నీ గిన్నెలో టమాటా ఉంది, బంగాళాదుంప ఉంది, క్యాప్సికం ఉంది, పాప్రికా అనే ఘాటు తక్కువ ఎర్ర మిరప పొడి ఉంది. ఇవన్నీ 1492లో కొలంబస్ అమెరికా చేరాకే సముద్రం దాటి ఇటు వచ్చాయి. మన మిరపకాయ కథా అదే కదా. పాతదని చెబితే వంటకి గౌరవం పెరుగుతుందనుకుంటాం గానీ, కొంచెం తెలిసిన పాఠకుడు అక్కడే చదవడం ఆపేస్తాడు.

ఇక అసలు సంగతి. "మొరాకన్ మసాలా రెండు చెంచాలు" అని రాసి వదిలేశావు. అది ఏ కొట్లో దొరుకుతుంది, అందులో ఏముంటుంది? ప్యాకెట్ మీద ఆ పేరుంటే అందులో దాల్చినచెక్క, లవంగం లాంటివి ఉండొచ్చు. అవి మాంసానికి బాగుంటాయి, చేపని మింగేస్తాయి. అక్కడి ఇళ్లలో చేపకి పట్టించేది షర్మూలా. కొత్తిమీర, దానిలాగే ఉండే పార్స్లీ ఆకు, వెల్లుల్లి, జీలకర్ర పొడి, పాప్రికా, నిమ్మరసం, ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. కొందరు కాస్త కారం, చిటికెడు కుంకుమపువ్వు వేస్తారు. ఇంటికో కొలత ఉంటుంది. అరకిలో చేపకి నేనైతే కొత్తిమీర, పార్స్లీ తరిగి గుప్పెడు చొప్పున, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచాన్నర జీలకర్ర పొడి, రెండు చెంచాల పాప్రికా, ఒక నిమ్మకాయ రసం, నాలుగు పెద్ద చెంచాల నూనె తీసుకుంటాను. ఆకులు కత్తితో సన్నగా తరగమని రాయి, లేదా రోట్లో కచ్చాపచ్చాగా దంచమను. మిక్సీలో నీళ్లు పోసి తిప్పితే అది పచ్చడి అయిపోతుంది, చేపకి పట్టదు.

మన వాళ్లు ఎక్కడ దారి తప్పుతారో ముందే ఊహించి రాయడం నీ పని. చేప అనగానే చెయ్యి అల్లం వెల్లుల్లి ముద్ద వైపు, గరం మసాలా వైపు వెళ్తుంది. వద్దని చెప్పు, ఎందుకు వద్దో కూడా చెప్పు. పార్స్లీ దొరకని ఊరిలో కొత్తిమీరే రెట్టింపు వేసుకోవచ్చు, రుచి కొంచెం మారుతుంది. పాప్రికా లేకపోతే కాశ్మీరీ కారం సగం వేస్తే చాలు, ఎందుకంటే దానికి ఘాటు ఎక్కువ. మార్చుకోవడం తప్పేమీ కాదు. మార్చినదాన్ని అక్కడిదే అన్నట్టు రాయడం తప్పు. "వాళ్లు ఇది వేస్తారు, నేను ఇది వేశాను" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. నీ వ్యాసంలో ఆ వాక్యం ఎక్కడా లేదు.

ఊరవేసిన నిమ్మకాయ దగ్గర "మన నిమ్మకాయ ఊరగాయ వేసుకోవచ్చు" అన్నావు. కూర మెంతికారం వాసన వేస్తుంది. వాళ్లది ఉప్పూ నిమ్మరసమే. కాయని అడుగున విడిపోకుండా నాలుగుగా చీల్చి, ఉప్పు కూరి, సీసాలో అదిమి దాదాపు నెల రోజులు ఉంచుతారు. వాడేటప్పుడు కడిగి, లోపలి గుజ్జు తీసేసి, తొక్క సన్నగా తరుగుతారు. మన ఇళ్లలోనూ ఊరగాయ పెట్టేటప్పుడు కారం, మెంతిపిండి కలపకముందు ముక్కలు ఉప్పులో ఊరుతాయి కదా, ఆ దశలో నాలుగు ముక్కలు తీసి పక్కన పెట్టుకోమని రాయి. పసుపు అంటినా ఫర్వాలేదు. ఈ సంగతి తెలుగు పాఠకురాలికి నువ్వు కాక ఇంకెవరు చెబుతారు?

వరస కూడా చూసుకో. "కూరగాయలు, చేప, మసాలా అన్నీ గిన్నెలో వేసి ఉడికించాలి" అన్నావు. టమాటా పులుపు తగిలితే బంగాళాదుంప త్వరగా మెత్తబడదు. దుంప ఉడికే లోపు చేప పిప్పి అవుతుంది. దుంపని చక్రాలుగా కోసి ముందే ముప్పావు వంతు ఉడికించుకోమని చెప్పు. గిన్నె అడుగున క్యారెట్ కర్రల్లా పొడవుగా కోసి పరవాలి. మొరాకోలో అలాగే చేస్తారు, చేప అడుగంటకుండా. దాని మీద దుంప, టమాటా, క్యాప్సికం, ఆ పైన షర్మూలా పట్టించి అరగంట ఉంచిన చేప, చివర ఆలివ్ కాయలు, నిమ్మ తొక్క. మిగిలిన షర్మూలాని కొంచెం నీళ్లలో కలిపి పక్కనుంచి పోసి, మూతపెట్టి సన్న సెగ మీద ఉంచాలి. అంగుళం మందం ముక్క అయితే పదిహేను నిమిషాల నుంచి చూడటం మొదలుపెట్టాలి, ఫోర్కుతో నొక్కితే పొరలు విడివడితే దించెయ్యాలి. తజీన్, అంటే గోపురం లాంటి మూత ఉన్న వాళ్ల మట్టి పాత్ర, లేదని ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు, బరువైన మూత ఉన్న వెడల్పాటి గిన్నె చాలు. తజీన్ ఉన్నవాళ్లు మాత్రం నేరుగా గ్యాస్ మంట మీద పెట్టకూడదని రాయి, పగులుతుంది.

వేపుడు గురించి రాసిన చివరి పేరా నాకు నచ్చింది, కానీ కారణం చెప్పకుండా వదిలేశావు. రెండు సార్డిన్లని ముల్లు తీసి విప్పి, మధ్యలో షర్మూలా పెట్టి, ఒకదాని మీద ఒకటి మూసి, పిండి అద్ది వేయిస్తారు. మసాలా లోపల ఉంటుంది కాబట్టి నూనెలో మాడదు. మనం మసాలా పైన పట్టిస్తాం, వాళ్లు లోపల దాస్తారు. ఇంత మంచి సంగతి నీ చేతిలో ఉండగా "నోరూరించే", "ఘుమఘుమలాడే" ఎందుకు?

అన్నంతో వడ్డించిన ఫోటో పెట్టావు. పెట్టుకో, నేనూ అన్నంలోనే తింటాను. అక్కడ మాత్రం ఖుబ్జ్ అనే గుండ్రటి రొట్టె తుంచి, దానితో రసం అద్దుకుని తింటారని పక్కన రాయి.

చివరిగా, "ఉప్పు తగినంత" వద్దు. ఆలివ్‌లలో ఉప్పుంది, నిమ్మ తొక్కలో ఉప్పుంది, షర్మూలాలో ఉప్పుంది. షర్మూలాకి ముప్పావు చెంచా వేసి, రసం రుచి చూశాకే ఇంకాస్త కలపమని స్పష్టంగా రాయి. పండుగప్ప దొరక్కపోతే వంజరంతో ఒకసారి చేసి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకో. ఆ తర్వాత సవరించిన ప్రతి పంపు.

ఆశీస్సులతో.