టస్కనీ గోల్ఫ్ ట్రిప్ గురించి చిన్నాకి బాబాయి

చిన్నా,

నువ్వు పంపిన ఇటలీ ప్లాన్ చదివాను. మిలాన్‌లో దిగడం, పీడ్‌మాంట్ వెళ్లి బరోలో వైన్ తాగడం, వెనిస్ దగ్గర ఒక రౌండ్ గోల్ఫ్, అక్కడినుంచి టస్కనీ, ఆఖర్న రోమ్ పక్కన రైడర్ కప్ (యూరప్, అమెరికా జట్ల గోల్ఫ్ పోటీ) జరిగిన కోర్సు, ఇదంతా ఆరు రోజుల్లో. ఇది ట్రిప్ కాదురా, లారీ డ్యూటీ. మీ నలుగురిలో ఎవరో ఒకడు రోజుకి నాలుగైదు గంటలు స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటాడు, మిగతా ముగ్గురు వెనక నిద్రపోతారు, ఫోటోల్లో మాత్రం అన్నీ ఉంటాయి.

పీడ్‌మాంట్, వెనిస్ ఇంకోసారి చూసుకోవచ్చు. ఈసారి టస్కనీ దక్షిణ భాగం ఒక్కటే పట్టుకో. రోమ్ ఫ్యుమిచినో ఎయిర్‌పోర్ట్‌లో కారు తీసుకుని సముద్రం పక్కన పైకి వెళ్లండి, అక్కడినుంచి లోపలి కొండల్లోకి తిరిగి మోంటాల్చినో ఊరు, తర్వాత కియాంటి ప్రాంతం, అక్కడినుంచి ఏ1 హైవే మీద మళ్లీ రోమ్. కారు తీసుకున్న చోటే తిరిగి ఇస్తారు కాబట్టి వేరే ఊళ్లో వదిలినందుకు అదనపు చార్జీ ఉండదు, గోల్ఫ్ బ్యాగులు భుజాన వేసుకుని రైళ్లెక్కే బాధా ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. ఈ దారిలో దొరికే మూడు పేరున్న రెడ్ వైన్లకీ, అంటే మోరెల్లీనో, బ్రునెల్లో, కియాంటి క్లాసికో, మూలం ఒకటే ద్రాక్ష, సాంజొవేజే. సముద్రం దగ్గర ఒక రుచి, ఎండ కాసే కొండ మీద ఇంకో రుచి, అడవుల మధ్య చల్లటి ఎత్తులో వేరే రుచి. వైన్ గురించి ఓనమాలు తెలియనివాడికి కూడా మూడోది తాగేసరికి తేడా నాలుకకి తెలుస్తుంది. నాలుగు రాష్ట్రాలు తిరిగి నలభై రకాలు రుచి చూస్తే తలనొప్పి తప్ప ఏదీ గుర్తుండదు.

ముందు తేల్చుకోవాల్సింది కోర్సూ కాదు హోటలూ కాదు, వైన్ తాగిన రోజు కారు ఎవరు నడుపుతారన్నది. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకి 0.5 గ్రాములు, లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండనివాళ్లకి సున్నా. 2024 డిసెంబర్‌లో రోడ్డు చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. ఒక వైనరీలో నాలుగైదు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోస్తారు, అలాంటివి రెండు వైనరీలైతే లెక్క ఎక్కడికి పోతుందో నువ్వే చూసుకో. "నేను తక్కువే తాగుతాలే బాబాయ్" అనకు, ఆ కొండ మలుపుల్లో ఆ మాట పనికిరాదు. వైన్ రోజుకి డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకో. అక్కడ దాన్ని ఎన్‌సీసీ అంటారు, నువ్వు బస చేసే చోట అడిగితే వాళ్లే కుదురుస్తారు. నలుగురు పంచుకుంటే పెద్ద బరువు కాదు. అలాగే గోల్ఫ్ రోజు గోల్ఫే, వైన్ రోజు వైనే. పొద్దున పద్దెనిమిది హోల్స్ నడిచి మధ్యాహ్నం ఖాళీ కడుపుతో టేస్టింగ్‌కి వెళ్తే ఆట గుర్తుండదు, వైనూ గుర్తుండదు.

ఇక దారి. మొదటి రోజు ఆడాలని చూడొద్దు. విమానం దిగి, కారు కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి, రెండు గంటలు నడిపితే అర్జెంటారియో అనే సముద్రతీర ప్రాంతం చేరతారు, ఆ రోజుకి అది చాలు. అక్కడ పోర్తో ఎర్కోలే అని చిన్న రేవు ఊరు. చిత్రకారుడు కారవాజ్జో 1610లో చనిపోయింది అక్కడే. సాయంత్రం చేపల భోజనం చేసి పడుకోండి. మర్నాడు అర్జెంటారియో గోల్ఫ్ క్లబ్. 2025 ఇటాలియన్ ఓపెన్ అక్కడే జరిగింది. కొండవాలు, గాలి ఉన్న కోర్సు, స్కోరు గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

మూడో రోజు లోపలికి తిరగండి. దారిలో సతూర్నియా వేడి నీటి ఊటలున్నాయి, నీళ్లు ఏడాది పొడవునా సుమారు 37 డిగ్రీలు. మెట్లు మెట్లుగా తెల్లటి రాతి తొట్లలోకి జారే జలపాతం, టికెట్ లేదు. గంధకం వాసన కొడుతుంది, మొదట ముక్కు మూసుకుంటారు, పది నిమిషాల్లో అలవాటైపోతుంది. ముందురోజు ఆడిన నడుములకి దీన్ని మించిన మందు లేదు. పాత స్విమ్మింగ్ బట్టలు వేసుకోండి, ఆ వాసన ఓ పట్టాన పోదు. వెండి గొలుసులుంటే తీసేయండి, నల్లబడతాయి. మధ్యాహ్నం ఆ చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా ఆగి మోరెల్లీనో ఒక గ్లాసు తాగండి, నడిపేవాడు మాత్రం మంచినీళ్లే. అక్కడినుంచి మోంటాల్చినో గంటన్నర. మ్యాప్‌లో దూరం చూసి మోసపోవద్దు, ఆ రోడ్లలో నలభై కిలోమీటర్లంటే చాలాసార్లు గంట ప్రయాణం.

మోంటాల్చినోలో రెండు రాత్రులు ఉండండి. నాలుగో రోజు పూర్తిగా వైన్‌కి. బ్రునెల్లో అంటే వంద శాతం సాంజొవేజే, కనీసం రెండేళ్లు చెక్క పీపాల్లో ఉండాలి, పంట కోసిన తర్వాత ఐదో ఏడాది జనవరి 1 వరకు అమ్మడానికి వీల్లేదు. అందుకే అంత ధర. రోస్సో ది మోంటాల్చినో అని దాని తమ్ముడుంది, అదే ద్రాక్ష, ఏడాదిలోపే బజారుకి వస్తుంది, ధర బాగా తక్కువ. నన్నడిగితే రాత్రి భోజనంలోకి రోస్సోనే హాయి. వైనరీలు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అంతకు మించి వద్దు. ఒకటి పేరున్న పెద్దది చూస్తే, రెండోది కుటుంబం నడిపే చిన్నది చూడు, అక్కడ యజమానే వచ్చి గ్లాసులో పోస్తాడు. ముందే ఈమెయిల్ రాసి టైమ్ తీసుకోవాలి, గేటు దగ్గరికి వెళ్లి హారన్ కొడితే తియ్యరు. టేబుల్ మీద ఒక పాత్ర పెడతారు, రుచి చూసి అందులో ఉమ్మేయడానికి. మన వాళ్లకి అది మర్యాద కాదనిపిస్తుంది కానీ అక్కడ అది పని తెలిసినవాడి లక్షణం. మొహమాటపడి అంతా మింగేయకండి, రెండో పెగ్గు అడగడం లాంటివీ చేయకండి.

అక్కడే కాస్తిల్యోన్ దెల్ బోస్కో అనే ఎస్టేట్‌లో అమెరికన్ గోల్ఫర్ టామ్ వైస్కాఫ్ డిజైన్ గీసిన కోర్సు ఉంది, అందరూ దాని గురించే అడుగుతారు. అది ప్రైవేట్ క్లబ్, సభ్యులకీ ఆ ఎస్టేట్ హోటల్లో దిగినవాళ్లకీ తప్ప టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే సమయం, దొరకదు. ఆ హోటల్లో ఒక రాత్రి అద్దెతో మీరు నలుగురూ ఇంకో రెండు రౌండ్లు ఆడొచ్చు. ఎవరిదైనా పెళ్లిరోజైతే చూసుకోండి, స్నేహితుల ట్రిప్‌కి అనవసరం.

ఐదో రోజు సియెనా మీదుగా కియాంటికి. సియెనాలో కారు కోట గోడ బయటే పెట్టండి. ఇది గట్టిగా చెబుతున్నాను, సియెనా, ఫ్లోరెన్స్ లాంటి పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని ఉంటుంది, అనుమతి లేని బండ్లు వెళ్లకూడదు. అక్కడ పోలీసు ఎవరూ ఆపరు, కెమెరా ఫోటో తీస్తుంది, నెలల తర్వాత హైదరాబాద్‌కి జరిమానా కాగితం వస్తుంది, ఈలోగా కారు కంపెనీ మీ వివరాలు ఇచ్చినందుకు కార్డు మీద విడిగా ఫీజు కోస్తుంది. ఎర్ర వలయం ఉన్న తెల్ల బోర్డు కనబడితే గూగుల్ మ్యాప్స్ ఏం చెప్పినా లోపలికి వెళ్లొద్దు. పార్కింగ్‌లో నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, తెల్లవి ఉచితం, పసుపువి మీకు కాదు.

రాత్రికి గ్రేవే దగ్గర ఏదైనా అగ్రితురిజ్మో, అంటే పొలంలోనే అద్దెకిచ్చే ఇల్లు, తీసుకోండి. కియాంటి క్లాసికో సీసా మెడ మీద నల్ల కోడిపుంజు గుర్తు ఉంటుంది. దాని వెనక కథ భీమవరం వాళ్లకి చెబితే భలే నచ్చుతుంది. ఫ్లోరెన్స్, సియెనా సరిహద్దు తగాదా తీర్చుకోవడానికి కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలి, ఎదురుపడ్డ చోట సరిహద్దు అనుకున్నారట. ఫ్లోరెన్స్ వాళ్లు తమ నల్ల పుంజుని పస్తు పెట్టారు, అది ఆకలికి తెల్లారకముందే కూసింది, వాళ్ల రౌతు సియెనా పొలిమేర దాకా వెళ్లిపోయాడు. కథ ఎంత నిజమో గానీ 1716లోనే టస్కనీని ఏలిన మెడిచీ వంశపు దొర కోసిమో మూడోవాడు ఆ ప్రాంతానికి హద్దులు గీసి ఆజ్ఞ ఇచ్చింది మాత్రం నిజం.

ఆరో రోజు ఉగొలీనో. ఫ్లోరెన్స్‌కి వెళ్లే కియాంటిజానా రోడ్డు మీదే ఉంది, 1934లో మొదలైన పాత కోర్సు. ఆలివ్, సైప్రస్ చెట్లు, బంతి కొట్టే సన్నటి గడ్డి బాటలు (ఫెయిర్‌వేలు). దూరం కొట్టే పొడవాటి కర్రని (డ్రైవర్) బ్యాగులోనే ఉంచి, ఐరన్లు అనే పొట్టి కర్రలతో ఆడినా నష్టం లేదు. నాకు ఈ దారిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, పేరున్న టోర్నమెంట్ల కోసం చదును చేసిన కోర్సుల్లో ఈ కళ ఉండదు. నువ్వు రాసిన రైడర్ కప్ కోర్సు, మార్కో సిమోనే, ఆడి తీరాలంటే ఇంకో రోజు సెలవు పెట్టు. ఏడో రోజు పొద్దున్నే బయల్దేరితే ఏ1 మీద మూడు గంటలు, మధ్యాహ్నం ఆడి రాత్రి విమానం. 2023లో యూరప్ అమెరికాని 16.5-11.5తో ఓడించిన చోట పదహారో హోల్ దగ్గర నిలబడాలన్న సరదా నాకూ అర్థమవుతుంది. ఎత్తుపల్లాలు బాగా ఉన్న కోర్సు, అక్కడ బగ్గీ తీసుకోండి. ఎక్స్‌ట్రా రోజు దొరక్కపోతే మాత్రం దానికోసం మిగతా ప్లాన్ చెడగొట్టొద్దు.

గోల్ఫ్ మర్యాదలు కొన్ని. మన దగ్గర బ్యాగు మోసే క్యాడీ అలవాటు, అక్కడ మామూలుగా క్యాడీ ఉండడు. బంకర్, అంటే ఇసుక గుంట, రేక్‌తో చదును చేయడం, దెబ్బకి లేచిన గడ్డి ముక్క (డివట్) సర్దడం, హోల్ ఉండే గ్రీన్ మీద బంతి చేసిన గుంట పూడ్చడం అన్నీ మీరే చేయాలి, చేయకపోతే వెనక గ్రూపు వాళ్లు మొహం మీదే అంటారు. దూరాలు గజాల్లో కాదు, మీటర్లలో ఉంటాయి. 150 అని రాసి ఉంటే అది దాదాపు 164 గజాలు, కాబట్టి దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ముందే మార్చుకోండి, లేకపోతే మొదటి రోజంతా బంతి గ్రీన్‌కి ముందే పడుతుంది. మగవాళ్లు మామూలుగా మొదటి దెబ్బ కొట్టేది పసుపు గుర్తులున్న టీ దగ్గరినుంచి. మీ ఆట స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చాలా క్లబ్బులు అడుగుతాయి, మీ క్లబ్ నుంచి ప్రింట్ తీసుకో, ఫోన్‌లో కూడా పెట్టుకో. శని, ఆదివారాలు సభ్యుల పోటీలుంటాయి, కాబట్టి రౌండ్లన్నీ మధ్య వారంలో పడేలా తేదీలు చూసుకో. కొన్ని క్లబ్బులకి సోమవారమో మంగళవారమో సెలవు, అది కూడా రాసి కనుక్కో.

కారు విషయం. నలుగురు, నాలుగు గోల్ఫ్ బ్యాగులు, నాలుగు సూట్‌కేసులు అంటే మామూలు కారు చాలదు, తొమ్మిది సీట్ల వ్యాన్ తీసుకో. ఆటోమేటిక్ కావాలని బుకింగ్‌లోనే చెప్పు, అక్కడ మాన్యువల్ ఎక్కువ. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో తీసుకోండి, ఇద్దరి పేర్ల మీద. బంకులో గాసోలియో అని ఉంటే అది పెట్రోల్ కాదు, డీజిల్, పెట్రోల్‌ని బెంజీనా అంటారు. టోల్ దగ్గర పసుపు టెలిపాస్ లైన్‌లోకి దూరొద్దు, అది ఆ పరికరం ఉన్న బండ్లకే. వైనరీలకి వెళ్లే తెల్ల మట్టి రోడ్ల మీద టైరు, కింది భాగం దెబ్బతింటే చాలా ఇన్సూరెన్సులు కట్టవు, నెమ్మదిగా పోండి.

తిండి గురించి మీ పిన్ని రాయమంది. మీలో ఆ వెజిటేరియన్ అబ్బాయికి రిబొల్లీతా అనే బీన్స్, కూరాకు సూపు, పీచి అనే లావు పాస్తాని వెల్లుల్లి టమాటా సాస్‌తో చెప్పండి, కడుపు నిండుతుంది. రాగూ అంటే లోపల బీఫో అడవిపందో ఉంటుంది, అడిగి తినండి. ఫ్లోరెన్స్ బిస్తెక్కా కూడా బీఫే. రాత్రి ఏడున్నరకి ముందు చాలాచోట్ల వంటగది తెరవరు. కారప్పొడి ఒక ప్యాకెట్ పెట్టుకుంటే తప్పు లేదు, నెయ్యి మాత్రం వద్దు, యూరప్‌లోకి బయటి పాల పదార్థాలు రానివ్వరు.

నెల విషయానికొస్తే మే గానీ సెప్టెంబర్ రెండో సగం గానీ. ఆగస్టు అసలు వద్దు, ఎండకి ఎండ, 15న ఫెర్రాగోస్తో పండగ పేరుతో సగం చోట్ల తాళాలు. సెప్టెంబర్‌లో అయితే ద్రాక్ష కోతల హడావిడి చూడొచ్చు గానీ చిన్న వైనరీల వాళ్లకి మీతో కూర్చునే తీరిక ఉండకపోవచ్చు. అందుకే నా ఓటు మే నెలకి. షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు టెన్షన్, దాని పని ఈ వారమే మొదలుపెట్టు.

వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల వరకే కస్టమ్స్ సుంకం ఉండదు, అంటే మామూలు సీసాలు రెండు. ఇంటికి పార్సిల్ పంపుతామని వైనరీ వాళ్లు అంటే ఇండియా సుంకం ఎంతో కనుక్కోకుండా ఒప్పుకోవద్దు. ఆ రెండు సీసాలూ బ్రునెల్లో అయితే మంచిది, బట్టల మధ్య చుట్టి చెకిన్ బ్యాగులో పెట్టు, వ్యాన్ డిక్కీలో ఎండలో వదలకు. నాకేమీ తేనక్కర్లేదు. తేదీలు ఖాయమవగానే చెప్పు, రెండు చిన్న వైనరీల పేర్లు పంపుతాను, వాటికి నువ్వే రాసుకో.

బాబాయి